మసి కాలే దారి

మా బావ అంకప్పకు బండి ఇంజన్ ఆపడమంటే ఇష్టం ఉండేది కాదు. ఆయన గురించి ఎవరు అడిగినా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

జవళగిరి పక్కన అడివి అంచు పల్లెలకు ఆయన జీపే చాలాకాలం ఆధారం. ఆస్పత్రికైనా, సంతకైనా, పెళ్ళిచూపులకైనా అదే. సాయంత్రం దగ్గరి టౌను తళి నుంచి ఎక్కించుకొచ్చిన వాళ్ళను ఒక్కొక్కరినే ఇంటి ముందర దించేవాడు. దించి వెళ్ళిపోయేవాడు కాదు. ముందు దీపాలు వాకిలి మీద పడేటట్టు జీపు నిలిపి, వాళ్ళు తలుపు తీసి, లోపల లైటు వేసుకునేదాకా ఇంజన్ గుడగుడమంటుండగా అలాగే కూర్చునేవాడు. రాగి పైరు పండే రోజుల్లో ఏనుగులు చేలలోకి దిగే ఊళ్ళు అవి. బండి చప్పుడు వింటే ఏనుగు దగ్గరికి రాదని అక్కడివాళ్ళ నమ్మకం. అదీగాక ఆ జీపు ఒకసారి ఆగితే మళ్ళీ తోసి స్టార్టు చేయాల్సిందే. మునిమాపువేళ, అడివి పక్కన, ఎవరు తోస్తారు?

బావ పోయి ఏడాది కావస్తోంది. కిందటి కార్తీకంలో, మధ్యాహ్నం రాగిముద్ద తిని అరుగు మీద నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. మా అక్క పరిమళ చాలా రోజులు ఆయన ఊసు ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతోంది. నేను హోసూరులో ఉంటాను. ఆదివారాలు జవళగిరి వెళ్తాను. ఇద్దరం కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా, జీపు తర్వాత ఆయన కొన్న కారు దగ్గరికే వచ్చి చేరుతుంది. అందుకే ఆయన గురించి రాయాలనుకున్నప్పుడు కారు గురించే రాస్తున్నాను.

బావది పెద్ద ఆస్తి కాదు. రాగి, అనప వేసే మెట్ట కొంత ఉంది. పడుచువయసులో కృష్ణగిరి వైపు రాళ్ళ లారీల మీద క్లీనరుగా తిరిగి, అక్కడే డ్రైవింగు నేర్చుకుని, ఊరికొచ్చి ఆ డీజిలు జీపు కొన్నాడు. చేను వానను బట్టి పండేది. జీపు మాత్రం ఏడాది పొడుగునా తిరిగేది.

బండి మార్చాలన్న మాట మొదట 2020లో వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్ ఒకటి నుంచి దేశమంతటా బీఎస్ సిక్స్ అనే కొత్త పొగ నిబంధన అమలుకు వస్తోంది. అప్పటిదాకా ఉన్నది బీఎస్ ఫోర్. పేర్లెలా ఉన్నా సంగతి తేలికే. కొత్త బండి వదిలే పొగలో మసి, విషవాయువులు బాగా తగ్గాలి. అలా తగ్గించే ఏర్పాటు లేని బండిని ఆ తేదీ తర్వాత కొత్తగా అమ్మకూడదు, రిజిస్టరు చేయకూడదు. షోరూముల వాళ్ళు మిగిలిపోయిన పాతరకం బండ్లు వదిలించుకునే తొందరలో ఉన్నారు. హోసూరులో ఒక షోరూముకు బావ నన్నూ తోడు తీసుకెళ్ళాడు.

“ఇప్పుడు తీసుకుంటే బాగా తగ్గిస్తాము సార్. మార్చిలోపల రిజిస్ట్రేషన్ అయిపోవాల,” అన్నాడు అమ్మే అబ్బాయి.

బావ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. “ఏప్రిల్ ఒకటో తేదీకి ఈ బండికి ఏం జబ్బు వస్తాదప్పా?”

“బండికి ఏమీ రాదు సార్. రూలు మారతాది.”

“అంటే ముప్పై ఒకటో తేదీ రాత్రి పండుకునేటప్పుడు మంచిది. పొద్దున్నే లేస్తే చెడ్డది.”

“కొనేసినవాళ్ళు తోలుకోవచ్చు సార్. కొత్తగా అమ్మకూడదు, అంతే.”

బావ నా వైపు తిరిగి, ఆ అబ్బాయికి వినపడేటట్టే అన్నాడు. “సంత ముగిసే పొద్దుకు టమాట అమ్మినట్టు అమ్ముతా ఉండారు బామర్దీ. ఆ పొద్దున కొన్న టమాటలో సగం కుళ్ళుంటాది. నేనెన్ని గంపలు మోసినానో నాకు తెలీదా?”

కొనలేదు. నెల తిరగకుండానే లాక్‌డౌను వచ్చింది. జీపు మరో రెండేళ్ళు లాగింది. చివరికి ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు, తీసుకెళ్ళినప్పుడు పొగ పరీక్షలో నిలవలేదు. యాక్సిలేటరు నొక్కగానే వెనక నల్లటి మబ్బు లేచిందట. పరీక్ష చేసే ఆయన ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకుని, “ఏమప్పా, వంట చేస్తా ఉండావా లోపల?” అన్నాడట. ఇంజను విప్పి బాగు చేయించినా ఇంకో ఏడాది ఈడుస్తుంది తప్ప ఆ తర్వాత కష్టమేనని మెకానిక్కు చెప్పేశాడు.

అప్పటికి చిన్న డీజిలు కార్లు చాలావరకు మార్కెట్లో లేకుండా పోయాయి. కొత్త నిబంధనకు సరిపడేటట్టు చేస్తే ధర గిట్టదని కంపెనీలు వాటిని ఆపేశాయి. బావకు డీజిలే కావాలి, ఎక్కువమంది పట్టాలి. అందుకని ఏడుగురు కూర్చునే పెద్ద కారు తీసుకున్నాడు. తెల్లటి ఒళ్ళు, బాడుగ బండికుండే పసుపు బోర్డు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. చిక్కమ్మ వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర వంగి వాసన చూసింది.

చిక్కమ్మ బావ వాళ్ళ పక్క వీధిలో ఉండే ముసలామె. మొగుడు లేడు, కొడుకు బెంగళూరులో. రోజు విడిచి రోజు తళికి వెళ్ళి ఆకుకూరలు అమ్ముకొస్తుంది. నోరు పెద్దది.

“పొగే లేదే అంకప్పా! ఇది నిజంగా డీజిలేనా, నిన్ను మోసం చేసినారా?”

“కొత్త బండి అంటే అంతే చిక్కమ్మా. పొగంతా లోపలే దాచుకుంటాది.”

ఆ మాట ఎంత నిజమో బావకు అప్పుడు తెలియదు.

కొత్త కారు కొన్నాడు గానీ పాత అలవాటు మానలేదు. జవళగిరి నుంచి తళికి, తళి నుంచి జవళగిరికి చిన్న చిన్న తిరుగుళ్ళు. దారంతా గుంతలు, నిదానంగా పోవాలి. ప్రతి వాకిలి ముందరా నిలపడం, ఇంజను నడుస్తుండగానే కూర్చోవడం. కొన్ని నెలలకు స్టీరింగు వెనక ఒక నారింజరంగు లైటు వెలిగింది. ఒక డబ్బా, దానిలో చుక్కలు ఉన్నట్టు బొమ్మ. బండి బాగానే నడుస్తోంది కదా అని బావ పట్టించుకోలేదు. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు మాత్రం “అదేమప్పా వెలగతా ఉంది? అంటుకుంటాదా ఏమి?” అని అడగడం మొదలుపెట్టారు. ఒకాయన భయపడి మధ్యలోనే దిగి నడిచి వెళ్ళాడట. బావ ఇంటికొచ్చి అద్దం మీద మా అక్క అతికించి పెట్టుకున్న బొట్టుబిళ్ళల్లో పెద్దది ఒకటి తీసి ఆ లైటు మీద అతికించాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

పదిహేను రోజులకో ఏమో, సాయంత్రం తళి నుంచి వస్తుండగా అడివి మలుపు ఎక్కుడులో కారు ఒక్కసారిగా బలం తప్పింది. యాక్సిలేటరు ఎంత తొక్కినా ఇంజను అరవడం లేదు, బండి ముందుకు ఉరకడం లేదు. నడిచే మనిషి కన్నా కొంచెం వేగం, అంతే. లోపల చిక్కమ్మ, ఇంకో అయిదుగురు. అందరి కళ్ళూ చెట్ల వైపే.

“మా నాయన ఎద్దులబండి ఉండుంటే ఈ పొద్దుకు ఇల్లు చేరి ముద్ద గెలికి ఉందును,” అంది చిక్కమ్మ.

“నోరు ముయ్యవే తల్లీ, ఏనుగు వింటాది,” అన్నారు వెనక నుంచి.

“వింటే విననీ. అదన్నా తోస్తాది.”

ఎలాగో ఊరు చేరారు. బావ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది. మర్నాడు అదే నత్తనడకతో హోసూరు వచ్చాడు. నాకు ఫోన్ చేస్తే నేనూ సర్వీసు సెంటరుకు వెళ్ళాను.

అక్కడ బండ్లు చూసే అబ్బాయి పేరు ప్రజ్వల్. మాలూరు వైపు వాడు. తలుపు తీసి లోపలికి వంగి, ఒక క్షణం ఆగి, గోటితో ఆ బొట్టుబిళ్ళను గీకాడు.

“ఇదేందన్నా ఈడ?”

“మా ఇంటామెది.”

“ఇంటామె ముఖాన ఉండాల్సింది బండి ముఖాన పెట్టినారే!”

“లైటు చూసి జనం భయపడతా ఉండారప్పా.”

“మీరు భయపడాలనే కదన్నా ఆ లైటు పెట్టింది.”

నాకు నవ్వొచ్చింది. బావకు రాలేదు. ప్రజ్వల్ కంప్యూటరు తగిలించి, బండి కదలకుండానే ఇంజను వేగం పెంచి చాలాసేపు ఏదో కాల్పించాడు. కాలిన ఇనుము వాసన వచ్చింది. అది చల్లబడేలోగా మాకు చెప్పాడు.

“పొగలో ఉండే మసి బయటికి పోకుండా కింద ఒక వడపోత డబ్బా పట్టుకుంటాదన్నా. బీఎస్ సిక్స్ డీజిలు బండి కాబట్టి అది ఉండాల్సిందే. పట్టుకున్న మసిని అప్పుడప్పుడు అదే కాల్చుకుంటాది. కాల్చేదానికి బాగా వేడి కావాల. బండి ఆగకుండా గట్టిగా పోతేనే ఆ వేడి వస్తాది. మీరు నిలబెట్టి గుడగుడమనిపిస్తా ఉంటే మసి చేరతానే ఉంటాది, కాలదు.”

“ఇంజను ఆపితే ఏనుగు వస్తాదప్పా.”

ప్రజ్వల్ నవ్వబోయి, బావ ముఖం చూసి మానుకున్నాడు. “నాకు ఏనుగు సంగతి తెలీదన్నా. మసి సంగతి చెప్తా ఉండాను. నిలబెట్టినప్పుడు ఆపేయండి. వారానికొకసారి హైవే ఎక్కి, అరగంటో ముప్పావుగంటో ఆపకుండా ఒకే వేగంలో తోలండి.”

“మా ఊరికి హైవే యాడుందప్పా? మాకుండేది గుంతలు.”

“హోసూరు నుంచి కృష్ణగిరి దాకా ఉంది కదన్నా, రోడ్డు కాదు, అద్దం.” ఆ తర్వాత గొంతు తగ్గించాడు. “ఇంకోసారి ఇట్లనే నిండిపోతే డబ్బానే మార్చాల్సి వస్తాది. దాని ధర వింటే మీరు బండే అమ్మేస్తారు.”

జీపు అప్పటికే తుక్కు కింద పోయింది. ఈ కారు కూడా పోతే, సాయంత్రం బస్సు తర్వాత ఆ పల్లెలకు ఏమీ లేదు. కాన్పు నొప్పులొచ్చినా, పాము కరిచినా ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ ఊళ్ళలో చాలామంది ఫోన్లలో మొదటి నంబరు మా బావదే. సంతచివరి టమాట అని వెక్కిరించి వదిలేసిన ఆ పాతరకం కారే కొని ఉంటే ఈ డబ్బా బాధ ఉండేది కాదని, నన్ను మా ఇంటి దగ్గర దించుతూ బావ అన్నాడు.

హోసూరులో ఒక చిన్న మెకానిక్ షెడ్డువాడు ఇంకో దారి చెప్పాడు. ఆ వడపోతను కోసి పారేసి, అది లోపలే ఉన్నట్టు బండి కంప్యూటరును నమ్మించవచ్చట. లైటు మళ్ళీ వెలగదు, బలం తగ్గదు. బావ ఆ ఆశతో ఇంటికెళ్ళాడు. అక్క పొయ్యి దగ్గర ముద్ద గెలుకుతోంది.

“కోసేస్తే ఒక్కరోజు పని. మళ్ళా దాని జోలి ఉండదంట,” అన్నాడు.

“ఎఫ్‌సీలో పట్టుకుంటే?”

“కంప్యూటరుకు అబద్ధం నేర్పిస్తారంట.”

“బండికి అబద్ధం నేర్పిస్తిరి. వెనక వచ్చేవాళ్ళ ముక్కుకు ఏం నేర్పిస్తారు?” అక్క తెడ్డు గోడకానించింది. “పచ్చి కట్టెలు పెట్టి సన్నగా మండిస్తే మన పొగగూడు నల్లగా పూడుకుపోతాదా లేదా? ఒకరోజు ఎండుకట్టెలేసి భగ్గుమనిపిస్తే తెరుచుకుంటాది. గూడు పూడిందని పొయ్యి ఎవురన్నా పగలగొట్టుకుంటారా? ఆ అబ్బాయి చెప్పినట్టు ఒకసారి చేసి చూడరాదా?”

“చేసి చూస్తాను. మళ్ళీ లైటు వెలిగి ఆరకపోతే కోయించేస్తాను. లేదంటే అమ్మేస్తాను. నాకు ఈ తలనొప్పి వద్దు.”

అలా ఒప్పందం కుదిరింది.

ఇంజను ఆపడం బావకు తేలిగ్గా రాలేదు. మొదటిసారి ఆపింది చిక్కమ్మ వాకిట్లోనే. తాళంచెవి తిప్పగానే చుట్టూ పరుచుకున్న నిశ్శబ్దానికి తన చెయ్యి మళ్ళీ తాళంచెవి మీదికే పోయిందని నాతో చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఇంజను చప్పుడు కింద మునిగిపోయిన సద్దులన్నీ ఒక్కసారి వినపడ్డాయట. కీచురాళ్ళు, ఎవరి ఇంట్లోనో టీవీ, దూరంగా చేను కాపలావాళ్ళు డబ్బా కొట్టడం.

చిక్కమ్మ గడపలో ఆగి వెనక్కి తిరిగింది. “ఏమప్పా, చచ్చిందా?”

“లేదు చిక్కమ్మా, ఆపినాను. లైట్లు ఉండాయి కదా, నువ్వు పో లోపలికి.”

“ఏనుగు వస్తే?”

“ఆపితే కదా ఏనుగు యాడుండేదీ తెలిసేది. ఇన్నాళ్ళు చెవుడు పట్టినోని మాదిరి కూసుండినాను.”

ఆమె లోపల లైటు వేసింది. బావ తాళం తిప్పాడు. బండి మొదటి తిప్పుకే అందుకుంది. అందుకున్నాక కూడా నమ్మకం కుదరక, మళ్ళీ ఆపి మళ్ళీ తిప్పి చూశాడట. చిక్కమ్మ లోపల నుంచే అరిచిందట, “ఆడుకుంటా ఉండావా మా వాకిట్లో?” అని.

అయినా కొన్ని వారాలకు నారింజ లైటు మళ్ళీ వెలిగింది. నిలిపినప్పుడు ఆపినందువల్ల ఈసారి ఆలస్యంగా వెలిగింది, అంతే. చిన్న తిరుగుళ్ళతో ఆ డబ్బాకు కావలసిన వేడి రాదు. హైవే తప్పదు. బావకు కోపం వచ్చింది. “మసి కాల్చేదానికి డీజిలు కాల్చాల్నా? ఉత్త బండి వేసుకుని కృష్ణగిరి దాకా పోయి, తిరుక్కుని వచ్చేదా? నాకేమన్నా పిచ్చా?”

అది విన్నది చిక్కమ్మ. “ఉత్త బండి ఎందుకు పోవాల? నేను లేనా?”

ఆమె మనవరాలు కావ్యశ్రీ కృష్ణగిరిలో నర్సింగు చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. ఆ పిల్ల సెలవులకు రావడమే గానీ చిక్కమ్మ ఎన్నడూ అక్కడికి వెళ్ళలేదు. జవళగిరి నుంచి అన్ని బస్సులు మారి వెళ్ళే ఓపిక ఆమెకు లేదు. చిక్కమ్మ బయలుదేరుతోందని తెలిసి, పట్టా కాగితం గురించి కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వాల్సిన దంపతులు ఇద్దరు తామూ వస్తామన్నారు. అర్జీలు తీసుకునేది సోమవారం. కాబట్టి సోమవారమే బయలుదేరారు. అక్క కూడా ఎక్కింది. హోసూరులో నేను ఎక్కాను.

హైవే మీదికి రాగానే బావ వెన్ను నిటారుగా పెట్టి, స్టీరింగు రెండు చేతులతో పట్టుకున్నాడు. “ఎవురూ ఆపమనొద్దు. నీళ్ళు, వక్కాకు, ఏదీ అడగొద్దు. ఈడ నుంచి టోలుగేటు దాకా ఆపేది లేదు. టోలుగేటు దగ్గర ఎట్లా ఉన్నా ఆగాల. అంతలోపల ఆరిందా సరి. లేదంటే ఈ బండితో నాకు రుణం తీరింది.”

అందరి చూపూ ఆ లైటు మీదే. అక్క దానికి ఎదురుగా ఉన్న సీటు కావాలని అడిగి మరీ ముందు కూర్చుంది. పరిశ్రమల గోడలు వెనకబడ్డాయి. రోడ్డు పక్క పూలతోటల ప్లాస్టిక్ పందిళ్ళు ఎండకు తళతళమన్నాయి. కొంతసేపటికి ఇంజను గొంతు కొద్దిగా మారింది. ఆనాడు సర్వీసు సెంటరులో వచ్చిన ఇనుము వాసనే లీలగా తగిలింది.

“మసికి మంట పట్టుకుంది,” అన్నాడు బావ మెల్లగా.

సగం దారిలో వచ్చే శూలగిరి ఇంకా కొంచెం దూరం ఉందనగా, రోడ్డు పక్క ఒకావిడ పిల్లను చంకనేసుకుని చెయ్యెత్తింది. బావ కాలు యాక్సిలేటరు మీద నుంచి లేచింది. జీవితమంతా చెయ్యెత్తిన మనిషిని దాటి పోనివాడు ఆయన.

“ఆపొద్దు,” అంది అక్క.

“పరిమళా, ఎండలో పిల్లను ఎత్తుకుని ఉందే.”

“వెనక బస్సు వస్తా ఉంది, అద్దంలో చూడండి. ఆమె బస్సుకే ఎత్తింది చెయ్యి.”

నిజంగానే వెనక బస్సు ఉంది. అయినా ఆవిడను దాటేటప్పుడు బావ తల దించుకున్నాడు. ఆ తర్వాత చాలాసేపు వెనక అద్దంలోకే చూస్తున్నాడు. “ఎక్కింది,” అని ఆయనే చెప్పాడు చివరికి. అప్పుడు మళ్ళీ కాలు నొక్కాడు.

శూలగిరి కొండలు వెనకబడ్డాయి. లైటు ఆరలేదు. టోలుగేటు ఇంత దూరమని చెప్పే బోర్డు వచ్చింది. పట్టా దంపతుల్లో భర్త గొంతు సవరించుకుని, “కోయించేదానికి ఎన్ని రోజులు పడతాదప్పా?” అని అడిగాడు. చిక్కమ్మ ముందు సీటు వెనక పట్టుకుని, కన్నార్పకుండా ఆ లైటునే చూస్తోంది, పొయ్యి మీద పాలు చూసినట్టు.

“పోయింది!” అంది ఉన్నట్టుండి.

“ఏం పోయింది?”

“లైటప్పా! ఆరిపోయింది! చూడు, చూడు!”

బావ చూశాడు. నమ్మకం కుదరక అక్కను అడిగాడు. అక్క వేలితో ఆ చోటు తుడిచి చూసింది, దుమ్మేమైనా అడ్డం పడిందేమోనని. ఏమీ లేదు. నల్లగా ఉంది. ముందర టోలుగేటు దగ్గర బండ్ల వరుస కనిపించింది. బావ గట్టిగా ఊపిరి వదిలి, బ్రేకు మీద కాలు పెట్టాడు. ఆయన ముఖం అంత తేటగా నేను చూసింది అదే మొదలు. వరుసలో నిలబడగానే అలవాటుకొద్దీ ఇంజను ఆపేశాడు. వెనక లారీవాడు హారను కొట్టేదాకా స్టార్టు చేయాలన్న ధ్యాసే లేదు ఆయనకు.

కృష్ణగిరిలో కావ్యశ్రీ హాస్టలు గేటు దగ్గరికి తెల్లకోటుతో పరిగెత్తుకొచ్చింది. చిక్కమ్మ ఆ కోటు అంచు పట్టుకుని, బట్ట మంచిదేనా అని వేళ్ళతో నలిపి చూసి, ఆ తర్వాత ఏడ్చింది. అర్జీ పని అయ్యాక అందరం డ్యాము దగ్గర చేపలు వేయించే కొట్టుకు వెళ్ళాం. పట్టా దంపతుల్లో భార్య మాంసం ముట్టదు కాబట్టి పక్కన కూర్చుని కీరకాయ తింది. తిరుగు దారిలో చిక్కమ్మ అడిగింది. “వచ్చే సోమవారం ఏ పొద్దుకు బయలుదేరేది?”

బావ నవ్వాడు. “లైటు వెలిగితేనే కదమ్మా పోయేది?”

“వెలిగేదాకా ఎందుకు ఉండేది? ఆ పిల్లోడు వారానికొకసారి అన్నాడంట కదా.”

అలా సోమవారాలు మొదలయ్యాయి. ఖాళీగా పోవాల్సిన కారు ఏనాడూ ఖాళీగా పోలేదు. ఎవరికో పెద్దాస్పత్రిలో కంటి పరీక్ష, ఎవరికో కాలేజీ అడ్మిషను. కొందరు ఏ పనీ లేకుండా డ్యాము చూడ్డానికే వచ్చేవాళ్ళు. అన్ని బస్సులు మారలేక ఏళ్ళతరబడి వాయిదా వేసుకున్న పనులు ఆ పల్లెల్లో ఎన్ని ఉన్నాయో బావకే అప్పుడు తెలిసింది. “ఈ మసి లేకుంటే నేను తళి దాటి తోలేవాన్నే కాదు బామర్దీ,” అనేవాడు. నారింజ లైటు ఆ తర్వాత ఎప్పుడైనా వెలిగినా, సోమవారం శూలగిరి దాటేసరికి ఆరిపోయేది.

బావ పోయాక కారు చాలా రోజులు పాకలోనే ఉండిపోయింది. బావ కొడుకు తిలక్‌ది హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టులు. బెంగళూరు నుంచి పాత కార్లు కొనే ఆయన ఒకరు వచ్చి, కంప్యూటరు తగిలించి చూశాడు. “వడపోత అసలుదే ఉందే! శుభ్రంగా కూడా ఉంది. ఈ రకం బండ్లలో చాలామంది కోసేసి ఉంటారమ్మా,” అని ఆశ్చర్యపోయాడు. మంచి ధరే చెప్పాడు. అక్క ఆలోచించి చెప్తానంది.

ఆ వారమే పక్క పల్లెలో ఒకమ్మాయికి నొప్పులొస్తే, ఫోన్ పాత అలవాటున బావ నంబరుకే వచ్చింది. ఎత్తింది అక్క. తిలక్ ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. వాడు ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక తల్లీ కొడుకులు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బెంగళూరాయనకు మాత్రం అమ్మడం లేదని కబురు వెళ్ళింది. తిలక్ ఫ్యాక్టరీలో అడిగి వారం సెలవును ఆదివారం నుంచి సోమవారానికి మార్చుకున్నాడు. మిగతా రోజుల కోసం అక్క పక్క ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి కుదిర్చింది. వాణ్ణి పనిలో పెట్టుకునే ముందు, వాకిట్లో నిలిపి ఇంజను ఆపి లైట్లు మాత్రం వేసి ఉంచడం చేసి చూపించమంది.

తిలక్ మొదటి సోమవారం నేనూ వెళ్ళాను. వాడు జాగ్రత్త మనిషి. హైవే ఎక్కాక కూడా పక్క వరుసలోనే, లారీల వెనక, నిదానంగా పోనిస్తున్నాడు. తండ్రి సీట్లో మొదటి సోమవారం కూర్చున్నవాణ్ణి ఏమంటాం? అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది.

చిక్కమ్మే వెనక నుంచి ముందుకు వంగింది.

“అప్పా తిలకూ! ఇదేమన్నా ఊరేగింపా? ఇట్లా పోతే మసి ఎట్లా కాలతాది?”

“పోతా ఉండాను కదవ్వా.”

“పోయేది కాదప్పా. ఆ లారీని దాటుకో. దాటుకుని, ఒకే మాదిరి తొక్కు.”

అక్క ఫక్కున నవ్వింది. బావ పోయిన కార్తీకం తర్వాత ఆమె నవ్వడం నేను వినలేదు. తిలక్ అద్దంలో చూసుకుని, ఇండికేటరు వేసి, లారీని దాటాడు.